నీళ్ళు ఎక్కడ తెల్లబడతాయో చూడండి

మాది బెజవాడలో మొగల్రాజపురం కొండ. రోడ్డు మీంచి చూస్తే ఒకదాని నెత్తిన ఒకటి పేర్చినట్టు కనపడే ఇళ్ళున్నాయే, వాటిల్లో ఒకటి. బండి కిందే పెట్టేసి మెట్లెక్కాలి, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయికి పైన ఇంకాస్త ఇవ్వాలి, పెళ్ళి చూపులకి వచ్చినవాళ్ళు మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుని రావాలి. వాన పడిందంటే మా మెట్లే మా వాగు. చిన్నప్పుడు గొడుగేసుకుని గుమ్మంలో కూర్చుని ఆ నీళ్ళు మెట్టు మెట్టుకీ దూకుతూ పోతుంటే చూడటమే నాకు పని, అమ్మ పిలిచినా లేచేవాడిని కాదు. తర్వాత సివిల్ చదివి ఎంటెక్‌లో అదే మెట్ల మీద నీళ్ళ గురించి ప్రాజెక్టు చేశాను కాబట్టి ఆ కూర్చోవడం ఊరికే పోలేదనే అనుకుంటాను.

ఇప్పుడిది ఎందుకు రాస్తున్నానంటే, మా సందు చివర ఒక గోడ కథ ఉంది, అది చెప్పాలి.

సందు అట్టడుగున ఇరవై రెండు మెట్లున్నాయి. మెట్టు ఎత్తు అరడుగు, అడుగుపెట్టే వెడల్పు ఒక అడుగు, దారి మొత్తం నాలుగడుగులు. దాని పక్కనే అడుగు వెడల్పు కాలువ. ఆ కాలువ ఎప్పటిదో, కొండరాళ్ళు పేర్చి కట్టింది, లోపలంతా ఎగుడుదిగుడు, చీపురు పెట్టి తోస్తే చెత్త ఇరుక్కునేది, దోమలు, వాసన. అందరం కంప్లైంట్ చేశాం, నేనూ సంతకం పెట్టాను. 2024 ఎండాకాలంలో వచ్చి బాగు చేశారు. బాగు చేయడమంటే రాళ్ళ మధ్య సందులు పూడ్చి, పైనుంచి కిందిదాకా అద్దంలా నున్నగా సిమెంటు పూసి వెళ్ళిపోయారు. చూడ్డానికి ఎంత బావుందో, చెంబుడు నీళ్ళు పోస్తే జర్రుమని కిందికి పోయేవి. కింద మలుపులో ఉండే పిన్ని అయితే వాళ్ళకి మజ్జిగ కూడా ఇచ్చింది.

తర్వాత ఆగస్టు 31 వచ్చింది. ఆ రోజు గురించి బెజవాడ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మా కొండ మీదే కొండచరియలు విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు, బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచేసింది, ఆ వెంటనే కృష్ణమ్మ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది. వాటి ముందు మా సందు గోడ చాలా చిన్న విషయం, అది నాకు తెలుసు. కానీ ఆ పొద్దున నేను గుమ్మంలోంచి చూసింది మాత్రం నా ఎంటెక్ ల్యాబ్‌లో కూడా దొరకని ప్రయోగం. ఒకే వాన, ఒకే ఏటవాలు, పక్కపక్కనే రెండు దారులు, ఒకటి మెట్లు, ఒకటి నున్నటి కాలువ. మెట్ల మీద నీళ్ళు తెల్లగా, గోలగోలగా, ఎగిరెగిరి పడుతూ దిగుతున్నాయి, చూస్తే భయం వేసేట్టు. కాలువలో నీళ్ళు చప్పుడు లేకుండా, మట్టి రంగులో, నూనె పోసినంత నున్నగా జారిపోతున్నాయి.

సాయంత్రం దిగి చూస్తే మెట్ల కింద నేల నేలలాగే ఉంది, కొంచెం ఇసుక మేట వేసిందంతే. కాలువ మలుపు దగ్గర నీళ్ళు తిరక్కుండా నేరుగా దూకి పిన్ని వాళ్ళ గోడని కొట్టాయి. గోడ పునాది కింద మోకాలు లోతు గుంత, అందులో చెయ్యి పెడితే లోపల ఇంకా మెత్తగా మట్టి రాలుతోంది.

"ఇదేందిరా నాయనా, ఇన్నేళ్ళలో ఎన్నడూ లేదు, మంచిగా చేయించుకున్నాకే ఇట్టా అయ్యిందేంది?" అంది పిన్ని.

"నున్నగా చేసినందుకేనండి పిన్నీ" అన్నాను. ఆమె నమ్మలేదు. ఈ పోస్టు ఒక రకంగా ఆమెకి చెప్పాల్సిన జవాబే, ఆ రోజు నిలబడి చెప్పలేకపోయాను.

ఇరవై రెండు మెట్లంటే పదకొండు అడుగులు, దాదాపు 3.3 మీటర్లు. అంత ఎత్తు నుంచి నీళ్ళు ఏ అడ్డూ లేకుండా దిగితే కిందికి వచ్చేసరికి వేగం సెకనుకి 8 మీటర్లు, అంటే గంటకి 29 కిలోమీటర్లు, మన బందరు రోడ్డు ట్రాఫిక్‌లో బండి కూడా అంత స్పీడు పోదు. నిజానికి కాలువ గోడల రాపిడి కొంత తినేస్తుంది కాబట్టి అంత రాదు, కానీ నున్నటి సిమెంటు తినేది తక్కువ. ఎత్తు దిగేటప్పుడు నీళ్ళకి వచ్చిన శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. దారి పొడుగునా ఖర్చు పెట్టించకపోతే చివర్లో ఒక్కచోటే ఖర్చు పెడుతుంది, అది పిన్ని వాళ్ళ గోడ దగ్గరయినా సరే, నాగార్జునసాగర్ కింద రాతి దగ్గరయినా సరే.

డ్యాముల మీంచి వరద వదిలే ఏటవాలుని స్పిల్‌వే అంటారు కదా. దాన్ని మెట్లు మెట్లుగా కడితే స్టెప్డ్ స్పిల్‌వే. ఇదేదో కొత్త ఐడియా అనుకునేరు, గ్రీసులో అకర్నానియా ప్రాంతంలో క్రీస్తుకి పూర్వం 1300 నాటికే ఇలాంటిది ఉందంటారు, అస్సీరియా రాజు సెనెకరీబ్ కోసర్ నది మీద కట్టించిన కట్టలకీ మెట్లున్నాయి. న్యూయార్క్ ఊరికి నీళ్ళిచ్చే న్యూ క్రోటన్ డ్యామ్ 1906లో పూర్తయింది, దాని స్పిల్‌వే ఫోటోలు చూడండి, రాతి మెట్ల మీద పాలు ఒలికినట్టు ఉంటుంది. తర్వాత మంచి కాంక్రీటు వచ్చాక మెట్లు కట్టడం శ్రమ అని మానేసి నున్నటి స్పిల్‌వేలు కట్టారు. మళ్ళీ 1980ల్లో రోలర్ కాంపాక్టెడ్ కాంక్రీటు, అంటే రోడ్డు వేసినట్టు పొర మీద పొర పరిచి రోలర్‌తో తొక్కించే పద్ధతి వచ్చింది, పొరకి పొర ఎటూ మెట్టులా మిగులుతుంది కాబట్టి మెట్లు దాదాపు ఫ్రీగా వచ్చేశాయి. మన దేశంలో మహారాష్ట్రలో ఘాట్‌ఘర్ దగ్గర మొదట ఆ పద్ధతిలో డ్యామ్ కట్టారు.

సరే, మెట్ల మీద నీళ్ళ సంగతికొస్తే, అందరూ ఒక విషయంలో పొరబడతారు, నేనూ ఎంటెక్ మొదటి సెమిస్టర్ దాకా పొరబడ్డాను. నీళ్ళు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ దూకుతాయి అనుకుంటాం. కాదు. నీళ్ళు పెరిగితే దూకడం మానేస్తాయి.

తక్కువ నీళ్ళున్నప్పుడు ఒక మెట్టు అంచు నుంచి పలచటి తెరలా కింది మెట్టు మీద పడతాయి, ఆ తెర వెనకాల గాలి ఉంటుంది, చెయ్యి పెట్టొచ్చు. పడ్డచోట చెదిరి, కొంచెం ఆగి, మళ్ళీ అంచు నుంచి దూకుతాయి. దీన్ని నాప్ ఫ్లో అంటారు. మా సందులో ఆగస్టు 31న కనపడింది కూడా ఇదే. నీళ్ళు పెరుగుతున్నకొద్దీ తెర వెనక గాలి కొన్ని మెట్ల దగ్గర ఉంటుంది కొన్నిటి దగ్గర ఉండదు, ఒక మెట్టు దగ్గర ఎగిరి మొహాన కొడుతుంది పక్క మెట్టు దగ్గర కొట్టదు, లెక్కకి అందని గందరగోళం, డిజైన్ చేసేవాళ్ళు ఈ దశని వీలైనంత తప్పించుకుంటారు. ఇంకా పెరిగితే అప్పుడు మెట్ల మూలలన్నీ నీళ్ళతో నిండిపోతాయి, మూలల్లో నీళ్ళు అక్కడే గుండ్రంగా తిరుగుతుంటాయి, అసలు ప్రవాహం మెట్ల అంచులు కలుపుతూ గీసిన గీత మీద పరుపు మీద జారినట్టు జారిపోతుంది. ఇది స్కిమ్మింగ్ ఫ్లో. కెనడాలో అల్బర్టా యూనివర్సిటీలో పనిచేసిన నల్లముత్తు రాజరత్నం గారు 1990లో దీని మీద రాసిన పేపరే నా ప్రాజెక్టుకి మొదలు, నాలుగైదు పేజీల్లో విషయం అంతా తేల్చేశారు.

లెక్క కావాలంటే ఇదీ. ఒక మీటరు వెడల్పుకి సెకనుకి ఎంత నీరు పోతుందో తీసుకుని దాన్నుంచి క్రిటికల్ డెప్త్, అంటే అంత నీరు అతి తక్కువ శక్తితో పోగలిగే లోతు, కడతాం, అది మెట్టు ఎత్తుకి దాదాపు సమానం అయ్యిందంటే స్కిమ్మింగ్ మొదలైనట్టే, ఏటవాలుని బట్టి కొంచెం అటూ ఇటూ. మా సందు మెట్లకి ఈ లెక్క వేస్తే నాలుగడుగుల దారిలో సెకనుకి దాదాపు 230 లీటర్లు రావాలి, అంటే స్నానాల గదిలో పెట్టుకునే పదిహేను లీటర్ల బక్కెట్లు సెకనుకి పదిహేను. దేవుడి దయ, అంత ఎప్పుడూ రాలేదు.

ల్యాబ్‌లో మాత్రం తెప్పించాం. గుంటూరు దగ్గర కాలేజీ, పేరెందుకులే. మా గైడ్ సార్, నేను, ల్యాబ్‌లో ఉండే బాబాయ్ ముగ్గురం కలిసి ఫ్లూమ్‌లో, అంటే ల్యాబ్‌లో నీళ్ళు పారించే తొట్టి లాంటి కాలువలో, పన్నెండు మెట్లు కట్టాం, పక్కలు అక్రిలిక్ షీటు, మెట్టు అయిదు సెంటీమీటర్ల ఎత్తు అయిదు సెంటీమీటర్ల వెడల్పు, అంటే 45 డిగ్రీల ఏటవాలు, దారి వెడల్పు 30 సెంటీమీటర్లు. పంపు ఫుల్లుగా తిప్పితే సెకనుకి 15 లీటర్లు ఇచ్చేది, వారానికోసారి వేడెక్కి ఆగిపోయేది, అప్పుడు బాబాయ్ తడిగుడ్డ కప్పి టీకి తీసుకెళ్ళేవాడు.

మొదటిసారి స్కిమ్మింగ్ ఫ్లో వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మెడికల్ షాపులో కొన్న సిరంజిలో పర్మాంగనేట్ నీళ్ళు నింపి నాలుగో మెట్టు మూలలోకి మెల్లగా వదిలాను. పైన నీళ్ళు అంత వేగంగా పోతున్నాయి కదా, రంగు వెంటనే కొట్టుకుపోవాలి. పోలేదు. ఆ ఊదా రంగు మూలలోనే ఉండిపోయి చక్రంలా తిరిగింది, ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు, తర్వాత ఉన్నట్టుండి సగం చక్రం ఊడి పైకి తన్నుకొచ్చి అసలు ప్రవాహంలో కలిసిపోయింది, మిగిలిన సగం మళ్ళీ తిరగడం మొదలెట్టింది. మూల ఊపిరి పీల్చి వదిలినట్టుగా. ఒక మెట్టు వదిలాక కింది మెట్టు, అది వదిలాక దాని కిందిది, వరసగా. బాబాయ్ నా వెనక నిలబడి "ఇది బతికున్నట్టుందయ్యా" అన్నాడు.

శక్తి ఖర్చయ్యేది ఇక్కడే. తెల్లటి నురగ చూసి గాలి వల్ల శక్తి తగ్గుతోందని చాలామంది అంటారు, పుస్తకాల్లో కూడా అలా ధ్వనించేట్టు రాసేస్తారు, కానీ ప్రధానంగా పని చేసేది మూలల్లో ఈ సుడులు. పైన పోయే నీళ్ళు ప్రతి మెట్టు దగ్గరా ఒక సుడిని తిప్పడానికి తమ బలం ఇచ్చుకుంటూ పోవాలి, ఆ సుడి చిన్న సుడులుగా, అవి ఇంకా చిన్నవిగా పగిలి చివరికి వేడిగా మారి నీళ్ళల్లోనే కలిసిపోతాయి. నున్నటి ఏటవాలుకి రాపిడి గుణకం 0.01 నుంచి 0.03 ఉంటే మెట్ల మీద స్కిమ్మింగ్‌లో 0.2 దగ్గర వస్తుంది, కనీసం ఆరేడు రెట్లు, పది రెట్లు కూడా. పిన్ని గోడకి జవాబు ఆ ఒక్క అంకెలో ఉంది.

మరి గాలి? గాలి ఎక్కడ దూరుతుంది? స్పిల్‌వే పైన గేటు దాటి మొదటి కొన్ని మెట్ల మీద నీళ్ళు అద్దంలా ఉంటాయి, అడుగున మెట్లు స్పష్టంగా కనపడతాయి. కానీ అడుగున అల్లరి అప్పటికే మొదలైపోయింది. మెట్లు పుట్టించిన ఆ టర్బులెన్స్, బౌండరీ లేయర్ అంటామే, అది ఒక్కో మెట్టుకీ కొంచెం కొంచెం మందం పెరుగుతూ పైకి పాకుతుంటుంది. పైకి పాకి పాకి నీటి పైభాగాన్ని అందుకున్న క్షణం నీటి చర్మం చిరుగుతుంది, గాలి లోపలికి దూరిపోతుంది, నీళ్ళు ఒక్కసారిగా తెల్లబడతాయి. ఆ చోటునే ఇన్సెప్షన్ పాయింట్ అంటారు. నా మోడల్‌లో సెకనుకి 10 లీటర్లప్పుడు ఏడో ఎనిమిదో మెట్టు దగ్గర తెల్లబడేది, 15 లీటర్లకి పదో మెట్టు దాకా పోయేది. నీళ్ళు ఎంత మందంగా ఉంటే అల్లరి పైకి చేరడానికి అంత ఎక్కువ దూరం పడుతుంది, అంతే లాజిక్. ఆ గీతని అక్రిలిక్ మీద మార్కర్‌తో గీస్తూ నెల రోజులు గడిపాను, అవి నా చదువులో బెస్ట్ రోజులు.

గాలి కలిసిన నీళ్ళని కొలవడం మాత్రం నరకం. వేగం కొలిచే పైటాట్ ట్యూబు పెడితే దాంట్లోకి బుడగలు దూరి, ప్రెజర్ చూపించే మానోమీటర్‌లో నీటి స్తంభం ముక్కలైపోయేది, ప్రతిసారీ వెనక నుంచి నీళ్ళు తోసి బుడగలు వెళ్ళగొట్టాలి, మళ్ళీ పెడితే మళ్ళీ అదే. ప్రపంచంలో దీనికి వాడేది కండక్టివిటీ ప్రోబ్, సూది మొన అంత సన్నగా ఉంటుంది, నీళ్ళల్లో ఉంటే కరెంటు పాస్ అవుతుంది బుడగలో ఉంటే అవ్వదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో హ్యూబర్ట్ షాన్సన్ గారి బృందం రెండు మొనల ప్రోబ్‌తో ఒక్కో పాయింట్ దగ్గర సెకనుకి 20,000 సార్ల చొప్పున 45 సెకన్లు కొలుస్తారు, ముందు మొనకి తగిలిన బుడగ వెనక మొనకి ఎంతసేపటికి తగిలిందో చూస్తే వేగం వచ్చేస్తుంది. మాకు అంత బడ్జెట్ లేదు. సిరంజి సూదిలోంచి మోటార్ వైండింగ్ షాపులో అడిగి తెచ్చిన ఎనామెల్ రాగి తీగ దూర్చి, అరాల్డైట్ పెట్టి, మొన ఎమరీ పేపర్‌తో అరగదీసి ఒక మొన ప్రోబ్ చేసుకున్నాం. గంటకోసారి మొన మీద పాచి కట్టేది, మళ్ళీ అరగదీయాలి. అయినా పని చేసింది. మెట్టు అంచు దగ్గర గాలి తక్కువ, పైకి పోయేకొద్దీ పెరిగి పెరిగి పైన దాదాపు అంతా గాలే, మధ్యలో తుంపరలు. బుడగల లెక్క ఎక్కడ ఎక్కువ వచ్చిందో తెలుసా, గాలీ నీళ్ళూ సగం సగం ఉన్న చోట. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

ఇక్కడ ఒక మాట, ఈత వచ్చినవాళ్ళు ముఖ్యంగా వినాలి. సగం గాలి ఉన్న నీళ్ళంటే బరువు కూడా సగమే, మనిషిని తేల్చే బలం సగమైపోతుంది. బ్యారేజీ కింద, చెక్ డ్యాముల కింద తెల్లటి నురగలో పిల్లలు దూకుతుంటారు చూడండి, అక్కడ ఈత వచ్చినవాళ్ళు కూడా మునిగిపోవచ్చు, ఆ నీళ్ళు సరిగ్గా తేల్చవు కాబట్టి. దయచేసి దూకనివ్వకండి.

మళ్ళీ విషయానికి. గాలి శక్తిని పెద్దగా తినదంటున్నావు, మరి దాని కోసం అంత గోల ఎందుకు అని అడగొచ్చు. గాలి చేసే పని వేరే, అది కాంక్రీటుని కాపాడుతుంది. చాలా వేగంగా పోయే నీళ్ళల్లో మెట్టు అంచు లాంటి చోట్ల ప్రెజర్ బాగా పడిపోయి నీళ్ళు మామూలు వేడిలోనే ఆవిరి బుడగలుగా మరిగిపోతాయి, ఆ బుడగలు కొంచెం ముందుకు పోయి పగిలినప్పుడు సుత్తితో కొట్టినట్టు కాంక్రీటుని కొడతాయి. క్యావిటేషన్. 1983లో అమెరికాలో గ్లెన్ కాన్యన్ డ్యామ్ స్పిల్‌వే సొరంగంలో, అది మెట్లది కాదు నున్నటిదే, ఆ దెబ్బకి 30 అడుగులకి పైగా లోతు గొయ్యి పడింది. అమెరికాలోనే అంతకు ముందే, 1953లో, పీటర్కా అనే ఇంజినీరు తేల్చిందేంటంటే నీళ్ళల్లో 5 నుంచి 8 శాతం గాలి ఉంటే ఆ దెబ్బ దాదాపు ఉండదు, గాలి బుడగ మెత్తటి దిండులా పనిచేస్తుంది. గ్లెన్ కాన్యన్‌లో కూడా తర్వాత గాలి దూరడానికి గాడి పెట్టాకే సమస్య తీరింది.

అంటే మెట్ల స్పిల్‌వే మీద చూడ్డానికి భయం పుట్టించే తెల్లటి భాగమే కాంక్రీటుకి క్షేమం. అందంగా, అద్దంలా, నిశ్శబ్దంగా ఉండే పై భాగమే, ఇన్సెప్షన్ పాయింట్‌కి కాస్త ముందు, ఇంజినీర్లకి నిద్ర పట్టనివ్వని చోటు. వేగం వచ్చేసింది, గాలి ఇంకా రాలేదు.

ఇది తెలిశాక సాగర్ మీద మెట్లు ఎందుకు లేవు అనే నా చిన్నప్పటి ప్రశ్నకి జవాబు దొరికింది. సాగర్‌కి 26 గేట్లు, ఒక్కోటి 45 అడుగులు, మొత్తం 1170 అడుగులు, అంటే 357 మీటర్లు. 10 లక్షల క్యూసెక్కులు వదిలారనుకోండి, ఒక్కో మీటరు వెడల్పు మీంచి సెకనుకి దాదాపు 79 ఘనపు మీటర్లు, అంటే 79 టన్నుల నీళ్ళు. మెట్ల స్పిల్‌వేలకి మామూలుగా మీటరుకి 25, 30 దాకానే ధైర్యం చేస్తారు. సరదాకి అక్కడ 1.2 మీటర్ల మెట్లు పెట్టి షాన్సన్ గారి ఫార్ములాలో వేసి చూశాను, నీళ్ళు తెల్లబడటానికి ఏటవాలు మీద వంద మీటర్ల పైనే పట్టింది. డ్యామ్ మొత్తం ఎత్తే 124 మీటర్లు, అదీ పునాది అడుగు నుంచి. అంటే దాదాపు కిందికి చేరేదాకా గాలి దూరదు, మెట్లన్నీ ఆ వేగంలో గాలి దిండు లేకుండా దెబ్బ తినాలి, పైగా అంత మందం నీటికి ఆ మెట్లు చీమ కుట్టినట్టే, శక్తిని తగ్గించేదీ పెద్దగా ఉండదు. ప్రకాశం బ్యారేజీది ఇంకో రకం, 70 గేట్లు నలభై అడుగులవి, 11.43 లక్షల్ని సమానంగా పంచితే మీటరుకి 38 టన్నుల దాకా వస్తుంది కానీ దిగే ఎత్తు చాలా తక్కువ, అక్కడ నీళ్ళు కింద ఏప్రాన్ మీద, అంటే గేట్ల కింద పరిచిన గట్టి నేల మీద, ఎగిరి తిరగబడి అక్కడే శక్తి పోగొట్టుకుంటాయి. ఏ నదికి ఏది కట్టాలో ఆ నదే చెప్తుంది, మెట్లు అన్నిటికీ మందు కాదు.

ఇంకోటి, నా మోడల్ గురించి నిజం చెప్పాలి. డ్యాముని యాభయ్యో వంతుకి కుదించొచ్చు, మెట్టుని కుదించొచ్చు, వేగాన్ని లెక్క ప్రకారం తగ్గించొచ్చు. బుడగని కుదించలేం. నీటి తలతన్యత ల్యాబ్‌లో అయినా డ్యామ్ మీదయినా అదే కాబట్టి బుడగ అక్కడా మిల్లీమీటర్లే ఇక్కడా మిల్లీమీటర్లే. అందుకే చిన్న మోడల్‌లో గాలి తక్కువ దూరుతుంది, అసలు డ్యామ్ కన్నా తక్కువ తెల్లగా కనపడుతుంది, దాన్ని నమ్మి పక్క గోడలు కడితే వరద రోజు నురగ గోడ దాటి బయటికి కొడుతుంది. కనీసం పదిహేనో వంతు కన్నా చిన్నది చేయొద్దు, రెనాల్డ్స్ నంబర్, అంటే నీటి జిగట కన్నా ప్రవాహం జోరు ఎన్ని రెట్లో చెప్పే అంకె, లక్ష దాటాలి అని పెద్దలు అంటారు, నాది పంపు ఫుల్లుగా తిప్పినా అందులో సగమే. నా రిపోర్టులో ఆ మాట మొదటి పేజీలోనే రాయించారు మా గైడ్ సార్, అప్పుడు బాధపడ్డాను కానీ ఇప్పుడు ఆయనంటే అందుకే గౌరవం.

నురగ గోడ దాటుతుంది అన్నానే, అది మా సందులో కళ్ళారా చూశాను. పోయిన వేసవిలో పిన్ని వాళ్ళ గోడ కింద గుంత పూడ్చి కాంక్రీటు వేశాక కాలువ సంగతి నేనే చూస్తానని చెప్పి మేస్త్రీని పెట్టుకున్నాను. నున్నటి సిమెంటు మొత్తం పగలగొట్టలేదు, మూడంగుళాల ఎత్తు రాళ్ళు అడ్డంగా పెట్టి అతికించమన్నాను, రెండున్నర అడుగులకి ఒకటి. మేస్త్రీ "అడుక్కొకటి పెట్టేద్దాం సార్, గట్టిగా ఆపుద్ది" అన్నాడు. వద్దన్నాను. మరీ దగ్గరగా పెడితే నీళ్ళు రాళ్ళ తలల మీంచి జారిపోతాయి, మధ్యలో సుడులు ఇరుక్కుని ఊరికే తిరుగుతుంటాయి, రాయి ఎత్తుకి ఎనిమిది పది రెట్ల దూరంలో పెడితేనే ప్రతి రాయీ నీటిని విడిగా పట్టుకుంటుంది. ఇరవై రెండు మెట్ల పొడుగుకి పది రాళ్ళు పట్టాయి. రాళ్ళ కింద ఒక మూల రెండంగుళాల సందు వదిలాం, వాన లేనప్పుడు నీళ్ళు నిలవకుండా, దోమల గొడవ మళ్ళీ రాకుండా.

మొదటి వానకి కాలువ మూడో రాయి నుంచి తెల్లబడింది. గోడ వైపు దూకలేదు, మలుపు దగ్గర నెమ్మదిగా తిరిగింది. కానీ అయిదో రాయి నుంచి కింద నీళ్ళు ఉబ్బి కాలువ అంచు దాటి మెట్ల మీదికి పడ్డాయి, వేగం తగ్గితే లోతు పెరుగుతుంది, గాలి కలిస్తే ఇంకా పెరుగుతుంది, నాకు తెలిసిన విషయమే కానీ మేస్త్రీకి చెప్పడం మర్చిపోయాను. మర్నాడు ఆయన్నే పిలిపించి కింది భాగమంతా ఒక వరస ఇటుక లేపించాను.

మొన్న రాత్రి గంటసేపు గట్టిగా కురిసింది. పొద్దున్నే దిగి చూస్తే ఇటుక వరస పై అంచుకి రెండంగుళాల కింద దాకా తడి గుర్తుంది, ఏడో రాయి దగ్గర పాలపాకెట్ల కవర్లు ఇరుక్కున్నాయి, వాటిని తీసేశాను. పిన్ని గుమ్మంలో ముగ్గు వేస్తూ "రాత్రంతా ఒకటే గోలరా బాబూ ఆ కాలవ, నిద్ర పట్టలా" అంది. గోడ కింద కాంక్రీటు మీద చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది.